అంతరిక్షమునకు పోయివచ్చిన వస్తువులు: సామాన్యుడు కొనదగినవి, కొనదగనివి

(మారికుప్పములో మన సంఘ సభ్యుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



ఈ దినము మేము మాటలాడదలచిన విషయము మొదట కొంత వింతగా తోచవచ్చును. రాకెట్టు నెక్కి భూమిని విడిచి, అంతరిక్షమున సంచరించి, మరల భూమికి చేరిన చిన్న చిన్న వస్తువులను సేకరించి దాచుకొను అలవాటు పలుదేశములందు కలదు. ఒక తపాలా కవరు, గోరంత రేకుముక్క, నాలుగు విత్తనములు, ఇట్టివి. ఇది ధనవంతుల వేడుకయని పెక్కురు తలంతురు గాని, వీనిలో కొన్ని మన జీతములకును అందునట్టివే. అయితే అందుబాటు వెలకు వచ్చు వస్తువులలోనే మోసమునకు చోటెక్కువ. తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరునకు పోయి, చీకటిపడిన పిమ్మట ఇల్లు చేరు మన యువకుల సంపాదన వట్టిమాటలకు వ్యయము కారాదు. కావున ఏది కొనవచ్చును, ఏది కొనరాదు, చేతికి వచ్చినదానిని ఎట్లు కాపాడవలెను అను మూడు సంగతులు మనవి చేసెదము.

ఈ ముచ్చట మారికుప్పములో నేల యని యడుగవచ్చును. ఆకాశముతో మన గనులకు గల సంబంధము క్రొత్తది కాదు. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారు, జపానులోని ఒసాకా నగర విశ్వవిద్యాలయము, ఇంగ్లండులోని డర్హము విశ్వవిద్యాలయముల వారితో గూడి, మన ఛాంపియన్ రీఫ్ గనిలో నేలకు 2 కిలోమీటర్లకు పైబడిన లోతున పరికరములను నెలకొల్పిరి. అంతరిక్షము నుండి వచ్చు విశ్వకిరణములు వాయుమండలమును తాకినప్పుడు న్యూట్రినోలను అతిసూక్ష్మ కణములు పుట్టును. వాని జాడను 1965లో ఆ గనిలో కనుగొనిరి. అదే సంవత్సరము దక్షిణాఫ్రికాలోని మరియొక బంగారు గనిలోను అట్టి ఫలితమే లభించెను. అంత లోతు ఎందులకనగా, ఇతర కిరణములను పైనున్న రాయి అడ్డగించును. న్యూట్రినోలకు రాయి యడ్డు కాదు. అట్టి కణములు దొరకిన సందర్భములు చాలా కొద్ది. ఆ కొద్దిపాటి జాడలు శాస్త్రమైనది వానిని గూర్చి చక్కగా వ్రాసి యుంచుట వలననే. వ్రాయనిచో అవి చీకటిలో మెరసి మాసిన మెరుపులే గదా!

సేకరణకును ఇదే మూలసూత్రము. మనము బంగారము పండిన యూరివారము. పసుపుపచ్చగా కనబడినదెల్ల బంగారమని నమ్మము. ఒరగల్లుపై గీచి, వన్నె చూచి, తూకము వేసిన పిమ్మటనే మాట యిత్తుము. అంతరిక్షమునకు పోయివచ్చిన వస్తువునకు అట్టి ఒరగల్లు లేదు. పోయివచ్చిన కవరును, పోని కవరును ప్రక్కప్రక్కన బెట్టి భూతద్దముతో చూచినను సాధారణముగా భేదము కానరాదు. తూచినను తెలియదు. భేదమంతయు దాని చరిత్రలో నున్నది. ఆ చరిత్రకు సాక్ష్యము కాగితములో నున్నది. మనము వెల యిచ్చునది ముఖ్యముగా ఆ సాక్ష్యమునకే.

దీనికి ఒక్క నిదర్శనము చాలును. 1969లో అపోలో 11 యాత్రలో నీల్ ఆర్మ్‌స్ట్రాంగు చంద్రుని మట్టిని ఉంచిన ఒక గుడ్డసంచి, అనంతరకాలమున లెక్కల పుస్తకములో జరిగిన పొరపాటు వలన వేరొక సంచిగా గుర్తింపబడెను. 2015లో ప్రభుత్వ వేలమున నాన్సీ కార్ల్‌సన్ అను ఆమె దానిని 995 డాలర్లకు కొనెను. పిమ్మట పరీక్షింపగా దానిలో చంద్రధూళి కలదనియు, అది అపోలో 11 సంచియే యనియు తేలెను. ప్రభుత్వము తిరిగి యిమ్మనగా వ్యాజ్యము నడచి, న్యాయస్థానము ఆమె పక్షమున తీర్పు చెప్పెను. 2017 జూలైలో అదే సంచి వేలమున 18 లక్షల డాలర్లకు పోయెను. సంచి మారలేదు, దారము మారలేదు. దానిపై నున్న చీటి మాత్రము సరిదిద్దబడెను.

ఇక కొనదలచినవారు మొదట తెలిసికొనవలసినది వస్తువులలోని మూడు తరగతులు. మొదటిది నిజముగా అంతరిక్షమునకు పోయివచ్చినది. రెండవది అదే కార్యమునకై సిద్ధము చేయబడియు భూమిపైననే నిలిచిపోయినది. మూడవది యాత్ర జ్ఞాపకార్థము ముద్రించి అమ్మినది. ఈ మూడింటికిని సేకరణలో స్థానము కలదు, తప్పు లేదు. కాని మూడవదానిని మొదటిదని చెప్పి అమ్ముటయే మోసము. యాత్ర పేరు, తేదీ, రాకెట్టు బొమ్మ, వ్యోమగామి సంతకము ఇవన్నియు ఉన్నను, "ఇది పోయివచ్చినది" అను మాట బాధ్యత గల సంస్థ చేతనో, యాత్రికుని చేతనో వ్రాతపూర్వకముగా లేనిచో దానిని మూడవ తరగతిలోనే చేర్చవలెను.

పోయివచ్చినదనగా ఎంత యెత్తునకు పోవలెను? ఇచ్చటను వివాదము కలదు. లోకమున పెక్కురు 100 కిలోమీటర్ల యెత్తును అంతరిక్షపు పొలిమేరగా నెంతురు; అమెరికావారు సుమారు 80 కిలోమీటర్లను చాలునందురు. చీరాలలో జన్మించిన బండ్ల శిరీష 2021 జూలై 11న వర్జిన్ గెలాక్టిక్ వారి విమానమున ఎగిరినది ఈ రెండు గీతల నడుమ యెత్తునకు. విజయవాడలో జన్మించిన తోటకూర గోపీచంద్ 2024 మే 19న బ్లూ ఆరిజిన్ వారి రాకెట్టులో 100 కిలోమీటర్లను దాటి వచ్చెను. ఇరువురి సాహసమును మనకు గర్వకారణమే. సేకరించువాడు మాత్రము తన చీటిలో యెత్తును వ్రాసికొనిన చాలును. వాదము పెద్దలు తేల్చుకొందురు.

బంగారమును గూర్చి ఒక మాట. అంతరిక్ష నౌకల చిత్రములందు బంగారు రేకు చుట్టినట్లు కనబడునది చాలవరకు బంగారము కాదు. అది కాప్టాన్ అను పసుపు వన్నె గల ప్లాస్టిక్ పొర. దాని వెనుక అల్యూమినియము పూత యుండును. వేడిని, చలిని ఆపుటకై దానిని చుట్టుదురు. నిజమైన బంగారమును వాడు చోట్లు వేరు. వ్యోమగాముల శిరస్త్రాణపు అద్దముపై పలుచని బంగారు పూత యుండును. 2021 డిసెంబరు 25న పంపిన జేమ్స్ వెబ్ దూరదర్శిని అద్దములన్నింటికిని పూసిన బంగారము కలిపి సుమారు 48 గ్రాములు మాత్రమే. అపోలో 11 నౌకయైన కొలంబియాకు చుట్టిన కాప్టాన్ పొరను, నౌక తిరిగివచ్చిన పిమ్మట కొందరు జ్ఞాపకార్థము ఉంచుకొనిరి. తరువాత అది గోరంత ముక్కలుగా కత్తిరింపబడి, అట్టలపై అంటింపబడి అమ్మకమునకు వచ్చెను. ఇట్టి ముక్కలు తక్కువ వెలకే దొరకును. కాని ముక్క యెంత చిన్నదైన సాక్ష్యమంత పెద్దదై యుండవలెను. ఏ పొరనుండి, ఎవరివద్దనుండి, ఎవరిచేత కత్తిరింపబడినదో వ్రాయని రేకును కొనుట కన్న, అదే వెలకు పిల్లలకొక పుస్తకము కొనుట మేలు.

సామాన్యుడు నమ్మకముతో కొనదగిన వస్తువునకు ఉత్తమమైన ఉదాహరణము ఒక తపాలా కవరు. అది మన దేశమునకు సంబంధించినది కూడ. 1983 ఆగస్టు 30న అమెరికావారి ఛాలెంజర్ నౌక రాత్రివేళ బయలుదేరెను. దానిలో మన ఇన్శాట్ 1బి ఉపగ్రహము కలదు. అంతకు ముందటి సంవత్సరము పంపిన ఇన్శాట్ 1ఎ కొలది నెలలకే పాడైపోయి యుండుటచే, దేశమంతయు ఈ రెండవదానిపై ఆశ పెట్టుకొనెను. అది సఫలమై, మన రాష్ట్రములోని హాసన్ నుండి నడుపబడుచు, పల్లెపల్లెకు దూరదర్శన్ చేరుటకును, వాతావరణ వార్తలకును, టెలిఫోనులకును ఏండ్ల తరబడి ఉపకరించెను. ఆ నౌకలోనే, సరుకు గదిలోని పెట్టెలలో, 2,61,900 తపాలా కవర్లు కూడ ఎగిరినవి. ఒక్కొక్కదానిపై 9 డాలర్ల 35 సెంట్ల స్టాంపు అంటింపబడెను. సెప్టెంబరు 5న నౌక దిగిన పిమ్మట అమెరికా తపాలా శాఖవారు వానిని ఒక్కొక్కటి 15 డాలర్ల 35 సెంట్లకు బహిరంగముగా అమ్మిరి.

దీని గుణములను గమనింపుడు. అమ్మినది తపాలా శాఖ. పంపినది అంతరిక్ష సంస్థ. యాత్రకు ముందే ప్రకటన. సంఖ్య లెక్కలో నున్నది. సంశయమునకు తావు లేదు. సంఖ్య యెక్కువగుటచేత నేటికిని వెల పెద్దగా పెరుగలేదు. లాభమునకై కొనువానికి ఇది కొరత. ప్రేమతో దాచువానికి ఇదియే వరము. మన ఇంటి దూరదర్శన్ పెట్టెకు బొమ్మలు తెచ్చిన ఉపగ్రహము నెక్కించుకొని పోయిన బండిలోనే ఈ కవరును పోయినదని పిల్లలకు చెప్పవచ్చును. ఇన్శాట్ తిరిగిరాలేదు, కవరు వచ్చెను.

ఇదే తపాలా కవర్లలో మరియొక కథ కలదు. 1971లో అపోలో 15 యాత్రికులు మువ్వురు, అనుమతి లేక 398 కవర్లను చంద్రునివద్దకు కొనిపోయిరి. వానిలో 100 కవర్లు జర్మనీలోని ఒక స్టాంపుల వర్తకునకు చేరి, యాత్ర ముగిసిన కొలది కాలమునకే మిక్కిలి వెలకు అమ్ముడుపోయినవి. సంగతి వెల్లడియై, యాత్రికులు మందలింపబడిరి. మిగిలిన కవర్లు స్వాధీనపరచుకొనబడినవి. తరువాత 1983లో ఆల్ఫ్రెడ్ వార్డెన్ అను యాత్రికుడు వ్యాజ్యము వేయగా, ప్రభుత్వమే ఛాలెంజర్ కవర్లను అమ్ముచున్న కాలమగుటచే, వానిని తిరిగి యిచ్చివేసిరి. ఆ కవర్లు నిజముగా చంద్రుని చేరివచ్చినవే, సందేహము లేదు. కాని పోయిన మార్గము చాటుది. వానితో పోల్చిన, వెల తక్కువదైన ఛాలెంజర్ కవరు ఎట్టి దాపరికమును లేక పోయివచ్చినది. ఇంటిలో నుంచుకొనదగిన వస్తువు ఏది యనునది మీరే నిర్ణయింపుడు.

కల్తీని గూర్చి మన యూరివారికి వేరుగ చెప్పనక్కరలేదు. అయినను ఒక ఉదాహరణము. అదే 1971లో అపోలో 14 యాత్రలో ఫ్రాంక్లిన్ మింట్ అను నాణెముల సంస్థవారి 200 వెండి పతకములు చంద్రుని చుట్టివచ్చినవి. వానిలో కొన్నింటిని కరగించి, చాల యెక్కువైన సాధారణపు వెండితో కలిపి, లక్షకు పైబడిన చిన్న బిళ్లలను పోసి తమ సభ్యులకు పంచిరి. ప్రతి బిళ్లలోను చంద్రునికడకు పోయిన వెండి కలదనుట అబద్ధము కాదు. కాని అది నేతిబీరకాయలోని నేయి వంటిది. అట్టి బిళ్ల చౌకగా వచ్చినచో కొనుట తప్పు కాదు. "కొంత పోయివచ్చిన లోహము కలిసినది" అని చీటి వ్రాసికొనిన చాలును. "చంద్రునిపైకి పోయిన నాణెము" అని వ్రాసితిమా, మన చేతనే మనము మోసపోయినట్లు.

వెల లేకయే దొరకిన వస్తువులును కలవు. 1984 ఏప్రిల్ 6న బయలుదేరిన ఛాలెంజర్ నౌక ఒక పెద్ద పరిశోధన పెట్టెను ఆకాశమున విడిచివచ్చెను. అందు 1 కోటి 25 లక్షల టొమాటో విత్తనములు ఉంచబడినవి. సంవత్సరములోపల తిరిగి తేవలెనని యెంచిరి గాని, 1986లో ఛాలెంజర్ నౌక కూలి ఏడ్గురు మరణించుట మొదలగు కారణములచే ఆలస్యమై, 1990 జనవరిలో గాని అది భూమికి రాలేదు. దాదాపు ఆరేండ్లు ఆకాశమున తిరిగిన ఆ విత్తనములను పాఠశాలల పిల్లలకు ఉచితముగా పంచిరి. పిల్లలు వానిని నాటి, పోని విత్తనములతో పోల్చి, మొలకలను కొలిచి లెక్కలు పంపిరి. అంతరిక్షమునకు పోయివచ్చిన వస్తువు పిల్లల చేతిలో పెరటి మొక్కయైనది. పంచుటకై పుట్టిన జ్ఞాపికలలో ఇంతకు మించినది మాకు కనబడలేదు. ఆ విత్తనములు పైకి పోయిన ఆ వారమందే మన రాకేశ్ శర్మయు అంతరిక్షమున నుండెనని స్మరింపుడు. ఆయన 1984 ఏప్రిల్ 3న సోవియట్ నౌకలో బయలుదేరి 11న తిరిగివచ్చెను.

ఇట్టిదే పోస్టుకార్డుల ఏర్పాటు. బ్లూ ఆరిజిన్ వారు 2019లో పిల్లలకై ఒక సంఘమును నెలకొల్పి, పిల్లలు బొమ్మలు గీచి పంపిన కార్డులను తమ రాకెట్టులో పైకి పంపి, "అంతరిక్షమునకు పోయివచ్చినది" అను ముద్ర వేసి, మరల వారికే చేర్చిరి. 2019 డిసెంబరులో మొదటి కార్డులు ఎగిరినవి. తన చేతివ్రాత తానే పోయివచ్చినదై యింటికి రాగా కలుగు సంతోషమునకు వెల కట్టగలమా? ఇట్టి ఏర్పాట్లు అప్పుడప్పుడు వచ్చుచు పోవుచుండును. మన పంతుళ్లు కన్ను వేసి యుంచి, అవకాశము కలిగినపుడు పిల్లలచేత వ్రాయింపవలెను.

మన దేశపు వస్తువులు ఏల దొరకవని యడుగువారు కలరు. శ్రీహరికోట మనకు దూరము కాదు. 1980 జూలై 18న మన రాకెట్టు రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో చేర్చినది అచ్చటనుండియే. కాని పైకి పంపుటయే వారి వృత్తి. తిరిగి తెచ్చుట అరుదు. 2007 జనవరి 10న పంపిన 550 కిలోల పేటిక 12 దినములు భూమిని చుట్టి, 22న బంగాళాఖాతమున సురక్షితముగా దిగినది. 2014 డిసెంబరు 18న పంపిన మరియొక పేటిక అండమాను సముద్రమున దిగినది. ఇవి పరిశోధనకై వచ్చినవి, అంగడికై కాదు. పోయివచ్చిన భారతీయ వస్తువులలో మా మనసునకు హత్తుకొన్నది రాకేశ్ శర్మ కొనిపోయిన రాజఘాట్ మట్టి. పిడికెడు మట్టి, వెల లేదు. 2025లో శుభాంశు శుక్లా అంతర్జాతీయ కేంద్రమునకు పోయినపుడు, ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయమువారి పరిశోధనకై పెసలు, మెంతులు మొలకెత్తింపబడినవి. మన వంటింటి డబ్బాలలోని దినుసులే! పోయిరాకున్నను దాచదగినవి కలవు. 1975 ఏప్రిల్ 19న ఆర్యభట ఉపగ్రహము పోగా, మరునాడు వెలువడిన 25 పైసల స్టాంపు. తరువాత వచ్చిన ఆర్యభట బొమ్మ గల రెండు రూపాయల నోటు. ఇవి మూడవ తరగతివి. చౌక, నిక్కమైనవి. మన పిల్లల సేకరణ వీనితో ప్రారంభమగుట యుక్తము.

ఇపుడు ఆకాశమునుండి పడినవాని సంగతి. 1979లో అమెరికావారి స్కైలాబ్ కూలునన్న వార్తకు తెలుగునాట పల్లెలెంత తల్లడిల్లెనో పెద్దలకు జ్ఞాపకముండును. మేకలను, కోళ్లను కోసుకొని తిన్నవారు, ఉన్నది అమ్ముకొని ఖర్చుపెట్టినవారు, పుట్టిన బిడ్డకు స్కైలాబ్ అని పేరు పెట్టినవారును గలరు. తుదకు జూలై 11న అది హిందూ మహాసముద్రమునను, పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎస్పరెన్స్ ప్రాంతమునను పడెను. అచ్చటి పదునేడేండ్ల బాలుడు స్టాన్ థార్న్‌టన్, తమ యింటి కప్పుపై పడిన ముక్కలను తీసికొని అమెరికాకు పోయి, ఒక పత్రిక ప్రకటించిన 10,000 డాలర్ల బహుమతిని పొందెను. తెలుగునేలపై ఒక్క ముక్కయు పడలేదు. కావున "మా తాతగారి చేనిలో పడిన స్కైలాబ్ ఇనుము" అని యెవరైన చూపినచో, తాతగారికి నమస్కరించి ఇనుమును విడిచిపెట్టుడు.

మరియు పడినది పట్టినవానిది కాదు. 1967 నాటి అంతరిక్ష ఒడంబడిక ననుసరించి, పంపిన దేశమునకు ఆ వస్తువుపై గల హక్కు అది భూమిపై పడినంతమాత్రమున పోదు. మన గనిలో న్యూట్రినోలను వెదకిన టాటా సంస్థవారే హైదరాబాదు నుండి పెద్ద బెలూన్లను పరిశోధన పరికరములతో ఎగురవేయుదురు. అవి అంతరిక్షము వరకు పోవు. పోయినంత పోయి, పొలములలో దిగును. 2025 జనవరిలో బీదరు జిల్లాలోని ఒక గ్రామమున అట్టిది దిగగా జనులు మొదట భయపడిరి. పరికరమును ముట్టక, అంటించిన కాగితమును చదివి సమాచారమిచ్చుటయే పద్ధతి. చంద్రశిలలును ఇట్టివే. అపోలో యాత్రలవారు తెచ్చిన 382 కిలోల రాళ్లు అమెరికా ప్రభుత్వపు సొత్తు. అంగడిలో "అపోలో చంద్రశిల" అని అమ్మునది దొంగసొమ్మో, బూటకమో అయి యుండును. సోవియట్‌వారు తెచ్చిన మూడు రేణువులు మాత్రము 1993లో బహిరంగ వేలమున 4,42,500 డాలర్లకు పోయినవి. అది మన లోకము కాదు.

కొనదలచినవారికి మా సలహాలు కొన్ని. అమ్మువాడు ఎవరివద్దనుండి కొనెనో వ్రాతపూర్వకముగా నడుగుడు. ధ్రువపత్రముపై యాత్ర పేరు, తేదీ, వస్తువు వివరము, సంతకము చేసినవాని పూర్తి పేరు ఉన్నవో లేవో చూడుడు. అమ్మువాడే అచ్చొత్తించుకొన్న ధ్రువపత్రము దొంగ తనకు తాను వ్రాసికొన్న యోగ్యతాపత్రము వంటిది. వ్యోమగామి స్వహస్తముతో వ్రాసిన లేఖకు విలువ కలదు. 2012లో అమెరికావారు చేసిన చట్టము తొలినాటి వ్యోమగాములకు తాము దాచుకొన్న వస్తువులపై హక్కును స్థిరపరచెను. తొందరపెట్టువానిని నమ్మవలదు. అన్నింటికంటె ముఖ్యము: అప్పు చేసి కొనవలదు. అప్పు చేసి పప్పుకూడు తినుటయే తగదన్నప్పుడు, అప్పు చేసి రేకుముక్క కొనుట యేమందుము?

కొన్నదానిని కాపాడుటయు ముఖ్యమే. మన యూరి సయనైడు దిబ్బల దుమ్ము గాలికి లేచి ఇండ్లలోనికి వచ్చుట ఎరిగినదే. కవరును బట్టలోగాని, మంచి కాగితపు సంచిలోగాని చుట్టి, మూత గల పెట్టెలో, ఎండ తగులని చోట ఉంచవలెను. దానిపై ఏమియు వ్రాయవలదు. అంటు కాగితము తగిలింపవలదు. వేరొక కాగితముపై వస్తువు పేరు, కొన్న తేదీ, వెల, ఎవరివద్ద కొన్నది, దాని చరిత్ర వ్రాసి జతచేయవలెను. ఆ కాగితపు ప్రతిని వేరొక చోట నుంచవలెను. వస్తువు పోయినను కాగితము మిగులును. కాగితము పోయినచో వస్తువున్నను లేనట్లే.

మా అసలు విన్నపము ఇక చెప్పెదము. అపోలో సంచి కథను విన్నప్పుడు మాకు మన యిండ్లలోని అటకలు తలపునకు వచ్చినవి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. ఆనాటి గనిదీపములు, తలటోపీలు, హాజరు బిళ్లలు, జీతపు చీటీలు ఇంకను కొందరి యిండ్లలో నున్నవి. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు సీమలనుండి ఈ యూరికి వచ్చిన మన తాతముత్తాతలు నేలకు మైళ్ల లోతున చెమటోడ్చినందులకు అవియే సాక్ష్యము. వానిని పాత ఇనుము కొనువాడు తూకమునకు తీసికొనిపోవుచున్నాడు. ఆకాశమునకు వందల మైళ్లు పోయివచ్చిన కవరునకు చరిత్ర వ్రాసి దాచువారము, పాతాళమునకు మైలున్నర దిగివచ్చిన దీపమునకు నాలుగు పంక్తులు వ్రాయలేమా? చీటి లేని దీపము రేపు మనుమనికి వట్టి ఇత్తడి. "ఇది ఫలానా వారిది, ఫలానా గనిలో, ఫలానా సంవత్సరము మొదలు ఫలానా సంవత్సరము వరకు" అని వ్రాసిన దీపము మన కుటుంబ చరిత్ర.

కావున సంఘము ఒక పుస్తకమును తెరువవలెనని మా ప్రార్థన. సభ్యులు వస్తువులను ఇచ్చివేయనక్కరలేదు; ఎవరి యింట వారివి ఉండవచ్చును. పుస్తకములో వివరము మాత్రము వ్రాయింపవలెను. తెలుగులో వ్రాసి, ప్రక్కనే కన్నడమునను, ఇంగ్లీషునను వ్రాయుట మంచిది. ఇంట మాటలాడునది తెలుగైనను మన పిల్లలలో పెక్కురు బడిలో చదువునది ఆ భాషలే. తాత జ్ఞాపకము తెలుగులో నుండి మనుమని చదువు వేరొక భాషలో నుండుటచే చరిత్ర తెగిపోరాదు. వ్రాయు పనిని ఆ పిల్లలకే అప్పగింపుడు. తాతను అడిగి, తేదీని తెలిసికొని, చీటి వ్రాయు బాలునకు ఛాలెంజర్ కవరు వంటిదొకటి బహుమతిగా నిచ్చుట సంఘమునకు భారము కాదు. వానికి రెండు వస్తువుల విలువయు ఒక్కసారియే తెలియును.

గనిలో పనిచేసిన పెద్దలు నేటికిని మన నడుమ నున్నారు. వారిని అడిగి వ్రాసికొనవలసిన పని వారుండగానే కావలెను.